నాలుగు పొరల కింద

లిఫ్టుల కంపెనీలో అతన్ని ఇప్పటికీ అందరూ మెకానిక్ అనే పిలుస్తారు. కానీ అతను స్పానర్ చేత్తో పట్టుకుని రెండేళ్ళు దాటింది. పెద్దపేగులో క్యాన్సరని తేలాక, డాక్టర్లు చెడిపోయిన భాగం కోసి పారేసి, మిగిలిన పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి అక్కడ దారి పెట్టారు. బొడ్డుకు ఎడమ పక్కన, కాస్త కిందగా. దాని మీద ఒక ప్లాస్టిక్ సంచి అతికించుకోవాలి. నిండినప్పుడల్లా ఖాళీ చేసుకోవాలి. ఎన్నాళ్ళు ఇలా అని అతను అడిగితే పెద్ద డాక్టరు చేతులు తుడుచుకుంటూ, "ఇక ఇంతేనయ్యా, అలవాటు పడిపోతారు" అన్నాడు.

బరువులెత్తకూడదన్నారు కాబట్టి కంపెనీ వాళ్ళు అతన్ని ఫిర్యాదుల గదిలో కూర్చోబెట్టారు. కిటికీ లేని గది, ఒక బల్ల, రెండు ఫోన్లు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఫోన్ చేస్తే, మనిషి వెళ్ళి తలుపు తీసేదాకా వాళ్ళతో మాట్లాడుతూ ఉండటం అతని పని. "తలుపులు లాగకండి. గాలి ఆడుతుంది, ఏం భయం లేదు. నేను లైన్లోనే ఉంటాను" అని అతనంటే, కేకలు పెడుతున్నవాళ్ళు కూడా నెమ్మదించేవాళ్ళు. ఆ గొంతులో అంత నిబ్బరం ఉండేది. అది గొంతులోనే ఉండేది, లోపల లేదు.

అతను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ భార్య మంచం పక్కనే కూర్చుంది. ఆ సంగతి అతనెప్పుడూ మరచిపోడు. ఇంటికొచ్చాకే ఆవిడ వల్ల కాలేదు. మొదట వేరే గదిలో పడుకుంది. తరవాత కిటికీలన్నీ తీసి పెట్టేది. ఒక రోజు సూట్‌కేసు సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడి, "నన్ను చెడ్డదాన్నని అనుకో, ఫరవాలేదు. ఆ వాసన నేను భరించలేకపోతున్నాను" అంది. అతను అడ్డుపడలేదు. సూట్‌కేసు బరువుగా ఉంటే కిందికి మోయడానికి కూడా లేకపోయిందే అనిపించింది, అంతే.

అప్పటి నుంచి అక్కా వాళ్ళింటి మేడ మీద గదిలో ఉంటున్నాడు. అక్క పొద్దున్నే మెట్ల కింద నిలబడి, "లేచావురా?" అని అరుస్తుంది. బతికే ఉన్నావా అని అడిగినట్టుంటుంది. బావ డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. బుర్రమీసం, మెరిసే చొక్కాలు, నేర్చుకునేవాళ్ళు ఎంతమంది తనను చావు అంచులదాకా తీసుకెళ్ళినా చెక్కు చెదరని మనిషి. ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఆయనొక్కడే ఎత్తేవాడు. "ఏరా బావమరిదీ, ఇవాళ నీ సంచి ఎలా ఉంది? దానికి కూడా సెలవు పెట్టించకూడదూ?" అనేవాడు. అక్క మండిపడేది. మెకానిక్‌కు మాత్రం ఆ వెటకారం వింటే కాస్త ఊపిరి ఆడినట్టుండేది.

అక్షరాలు మసకబారుతున్నాయని అతనొక రోజు కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళాడు. కౌంటర్ దగ్గరున్నావిడ నలభైకి దగ్గర పడ్డ మనిషి, జడ ముడి వేసుకుని, మెడలో కొలిచే స్కేలు వేలాడదీసుకుని ఉంది. ఫ్రేము పెట్టి, రెండు చెవుల వెనకా వేళ్ళతో సర్ది, "కదలకండి" అంది. అతను కదల్లేదు. నర్సులు కాక వేరే మనిషి తన ముఖాన్ని ముట్టుకుని ఎంతకాలమైందో అతనికే గుర్తు రాలేదు. ఆ తరవాత ఫ్రేము వదులైందని ఒకసారి, బిగువైందని ఒకసారి వెళ్ళాడు. మూడోసారి వెళ్ళినప్పుడు ఆవిడే నవ్వేసింది.

"ఫ్రేము బాగానే ఉందండీ. మీకు నాతో మాట్లాడాలని ఉంటే టీ తాగుదాం రండి. ఊరికే స్క్రూలు పాడు చెయ్యకండి."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పగానే బావ కంచం పక్కకు జరిపాడు. అక్క మాత్రం తమ్ముడి ముఖంలోకి చూసింది.

"మొదటి రోజే చెప్పెయ్యి. ఆవిడ ఉంటే ఉంటుంది, పోతే పోతుంది."

"అదేం మాటే? మనిషిని చూడకముందే సంచిని చూపిస్తాడా?" అన్నాడు బావ. "ముందు వీణ్ణి చూడనీ. వీడు మంచివాడని తెలిశాక ఆ సంచి ఒక లెక్కా?"

"మీరు ఊరుకోండి. మీకంతా వేళాకోళమే."

"వేళాకోళం కాదే. ఒరేయ్, రేపు నాతో రా. నీకు బట్టలు కావాలి."

మెకానిక్ దగ్గర ఉన్నవన్నీ కంపెనీ వాళ్ళిచ్చిన బూడిద రంగు చొక్కాలే. వాటిని ప్యాంటు లోపలికి దోపితే ఎడమ పక్కన గుప్పెడంత ఎత్తుగా కనపడుతుంది. పైకి వదిలేస్తే గాలికి ఒంటికి అంటుకుని ఇంకా బాగా కనపడుతుంది. బెల్టు పెట్టుకుందామంటే సరిగ్గా సంచి మీదే పడుతుంది. బావ అతన్ని పెద్ద బట్టల దుకాణానికి తీసుకెళ్ళి, సేల్స్‌మన్‌తో గొంతు తగ్గించి, "మావాడు ఒకావిణ్ణి కలవబోతున్నాడు. పొట్ట కనపడకూడదు, మనిషి కనపడాలి" అన్నాడు.

సేల్స్‌మన్ పొట్ట అంటే పొట్టే అనుకున్నాడు. "సన్నగానే ఉన్నారు కదా సార్" అని ఆశ్చర్యపోయి, అయినా తన పని తాను చేశాడు. అడుగున ఒంటిని పట్టి ఉంచే నల్ల బనీను. దాని మీద గుండ్రటి మెడ టీషర్టు, లేత రంగుది, ఒక సైజు పెద్దది. దాని మీద ముదురు గళ్ళ చొక్కా, గుండీలు పెట్టకుండా. అన్నిటి పైన నడుం దాటి కిందికి దిగే పల్చటి జర్కిన్. "గళ్ళు ఒక్కదానికే ఉండాలి సార్, మిగతావన్నీ ప్లెయిన్. చొక్కా అంచు జర్కిన్ కింద నుంచి కాస్త కనపడాలి. ఊరికే తగిలించుకున్నట్టు ఉండాలి, కష్టపడి వేసుకున్నట్టు ఉండకూడదు." బెల్టు బదులు భుజాల మీంచి వేసుకునే పట్టీలు ఇచ్చాడు. అవి టీషర్టు కింద దాక్కుంటాయి.

ట్రయల్ గదిలో నిలువుటద్దం ఉంది. ఆపరేషన్ తరవాత అతను ముఖం తప్ప అద్దంలో చూసుకోలేదు. బట్టలు విప్పినప్పుడు కళ్ళు మూసుకుని, నాలుగూ వేసుకున్నాకే తెరిచాడు. తెరిచిన చొక్కా రెండంచులూ పొట్టకు అటూ ఇటూ నీడలా దిగుతున్నాయి. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. భుజాలు వెడల్పుగా ఉన్నాయి. అద్దంలో ఉన్నవాడు ఎవరో నదురుగానే ఉన్నాడు.

బయటికొచ్చేసరికి బావ ఈల వేశాడు. "ఓరి నీ దుంప తెగ! నేను కూడా ఒక సంచి పెట్టించుకుంటాన్రా!"

సేల్స్‌మన్‌కు ఏమీ అర్థం కాలేదు. మెకానిక్ పగలబడి నవ్వాడు. నవ్వితే కుట్ల దగ్గర నొప్పి పుట్టింది, అయినా నవ్వాడు.

ఆ తరవాత నాలుగు నెలలు వాళ్ళిద్దరూ వారం వారం కలిశారు. పార్కుల్లో నడిచారు, నదీ తీరాన బెంచీల మీద కూర్చున్నారు. బావ ఏ వారానికి ఆ వారం పొరలు మార్చేవాడు. ఒకసారి గళ్ళ చొక్కా బదులు ముదురు నీలం డెనిమ్, ఇంకోసారి చేతుల్లేని ఉన్ని స్వెట్టర్. ఆవిడ అతని మోచేతి దగ్గర గుడ్డ పట్టుకుని చూసి, "మా షాపుకొచ్చే కుర్రాళ్ళకన్నా మీరే బాగా తయారవుతారు. ఎవరండీ ఎంచేది?" అని అడిగేది. "మా బావ" అంటే నమ్మేది కాదు.

ఆ బాగా తయారవడం వెనక ఉన్న తంటాలు ఆవిడకేం తెలుసు? కలిసే రోజు అతను పొద్దుటి నుంచి ఏమీ తినేవాడు కాదు. టీ కప్పు పట్టుకుని ఊరికే తిప్పేవాడు. ఆ పేగు ఎప్పుడు ఏ చప్పుడు చేస్తుందో దాని ఇష్టం, అతని చేతుల్లో లేదు. అందుకని కాఫీ గింజలు పట్టే మిషను మోగుతూ ఉండే కొట్టుకే తీసుకెళ్ళేవాడు. సినిమా అంటే భయం. ఒకసారి ఆవిడ పట్టుబట్టి తీసుకెళితే, తెర మీద అందరూ నోరు మూసుకున్న సమయంలో అతని పొట్ట గుర్రుమంది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ వంగి, "ఆకలేస్తోందా?" అని గుసగుసలాడింది. అవునన్నాడు. బయటికి పోయి కొనుక్కొచ్చిన బన్ను అతని చేతిలో పెట్టింది. చీకట్లో దాన్ని కొంచెం కొంచెం తుంచి, నమలకుండా గుప్పిట్లో దాచుకుంటూ కూర్చున్నాడు.

చెబుదామని అనుకోని రోజు లేదు. ఆవిడ వాళ్ళమ్మ జబ్బు చేసి పోయిందని, తనూ నాన్నా మాత్రమే మిగిలారని చెప్పినప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది. అదే సమయంలో ఆవిడ అతని భుజం మీద తల వాల్చింది. ఆ తల అక్కణ్ణించి లేచిపోతుందేమోనని అతను నోరు మూసుకున్నాడు. ఆవిడ చెయ్యి నడుం మీదికి రాబోతే జరిగి కూర్చునేవాడు. "మీకు నేనంటే ఇష్టం లేదా, లేక ఇంట్లో పెళ్ళాం ఉందా?" అని ఒకసారి నేరుగా అడిగేసింది. రెండూ కాదన్నాడు. మరి ఏమిటో చెప్పలేదు.

ఎండలు ముదిరాయి. నాన్న చూస్తానంటున్నారు, మధ్యాహ్నం మా ఇంటికి రండి అని ఆవిడ పిలిచింది.

"ఈ ఎండలో జర్కిన్ ఏమిట్రా? ఈ ఒక్కసారికీ అక్క మాట విని చెప్పెయ్యి" అన్నాడు బావ కూడా.

"ఇవాళ కాదు బావా. ఆయన ముందు కాదు."

నాలుగూ వేసుకునే వెళ్ళాడు.

రెండో అంతస్తులో చిన్న ఇల్లు. ఆవిడ నాన్న లావుపాటి మనిషి, బనీనుతో కూర్చుని పేపరుతో విసురుకుంటున్నారు. కుశలప్రశ్నలు కాగానే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది.

"ఆ జర్కిన్ తీసెయ్ బాబూ. నిన్ను చూస్తుంటే నాకే ఉక్కపోస్తోంది."

"ఫరవాలేదండీ. ఒంట్లో కాస్త చలిగా ఉంది."

"చలా?" ఆవిడ వంటింట్లోంచి వచ్చి అతని నుదుటి మీద చెయ్యి పెట్టింది. "చెమటలు కారిపోతుంటే చలేమిటి? పోనీ ఆ పై రెండూ అయినా తియ్యండి."

అతను తియ్యలేదు. పెద్దాయన ఏదో అడుగుతున్నారు, అతను ఏదో చెబుతున్నాడు. వీపు మీద చెమట కాలువలు కడుతోంది. పొట్ట మీద చర్మం తడిసి, సంచిని పట్టి ఉంచే జిగురు మెల్లగా ఊడిపోతున్న సంగతి అతనికి తెలుస్తూనే ఉంది. బాత్‌రూమ్ ఎక్కడని అడగాలి. లేచి నిలబడితే జారిపోతుందేమోనన్న భయంతో కూర్చునే ఉన్నాడు. కాసేపటికి అడుగు బనీను లోపల వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనం పక్కకు పాకింది, నడుం కిందికి దిగింది. గది నిండా వాసన.

పెద్దాయన విసురుకోవడం ఆపి కిటికీ వైపు చూశారు. "డ్రైనేజీ మళ్ళీ పొంగినట్టుందమ్మా. కిటికీ మూసెయ్యి."

మెకానిక్ లేచాడు. జర్కిన్ రెండు చేతులతో పొట్టకు అదిమి పట్టుకుని, "అర్జంటు పని" అని గొణిగి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. ఆవిడ వెనకనుంచి పిలుస్తోంది. ఆటో ఎక్కలేదు, బస్సు ఎక్కలేదు. ఆ ఎండలో ఇంటిదాకా నడిచాడు. అక్క తలుపు తీసి, బకెట్లో నీళ్ళు పెట్టింది.

ఆవిడ చేసిన ఫోన్లు అతను ఎత్తలేదు. కానీ ఫిర్యాదుల గదిలో మోగే ఫోన్ ఎత్తకుండా ఉండటం అతని వల్ల కాదు కదా. నాలుగైదు రోజులకు ఒక పొద్దున ఎత్తి, "చెప్పండి, ఏ అంతస్తులో ఆగిపోయింది?" అన్నాడు.

"నేనండీ" అంది ఆవిడ. "మీరు ఫోన్ పెట్టెయ్యలేరని ఈ నంబరుకి చేశాను."

అతను అలవాటుగా ఫిర్యాదుల పుస్తకం తెరిచాడు.

"సాయంత్రం కాఫీ కొట్టు దగ్గరికి రండి. రాకపోతే నేనే మీ ఇంటికొస్తాను."

వెళ్ళాడు. కూర్చున్నాక, ఆవిడ చూస్తుండగానే జర్కిన్ తీసి కుర్చీకి తగిలించాడు. గళ్ళ చొక్కా తీశాడు. టీషర్టు కింద ఎడమ పక్కన ఎత్తుగా కనపడుతోంది. చెప్పాల్సిందంతా చెప్పేశాడు, భార్య సంగతితో సహా. ఆవిడ ఆ ఎత్తు వైపు చూసింది, చూపు తిప్పుకోలేదు. అతనికి ఆశ పుట్టింది. అన్ని నెలల్లోనూ అంత ఆశ ఎప్పుడూ పుట్టలేదు.

"మీరు వెళ్ళిపోగానే నాకు అర్థమైంది" అందావిడ. "నాన్నకీ అర్థమైంది. మీకు తలవంపులు కాకూడదని ఆయన డ్రైనేజీ అన్నారు. మా ఇద్దరికీ ఆ వాసన తెలియకపోవడమేమిటండీ? అమ్మ మంచంలో ఉన్నన్నేళ్ళూ అదే కదా మా ఇల్లు."

"మీరు అంతకాలం చేశారని నాకు తెలియదు."

"నేనూ చెప్పలేదు. మీరు నాకెప్పుడు చెబుదామనుకున్నారు?"

"మీకు నేను బాగా అలవాటయ్యాక."

"అప్పుడైతే కాదనలేననా?"

అతను టీషర్టు అంచు కిందికి లాగి ఆ ఎత్తును చేత్తో కప్పుకున్నాడు.

"నాకు అసహ్యం లేదు" అంది ఆవిడ. "అసహ్యమైతే పోనుపోను పోతుంది. నాకు ఓపిక లేదు. మీ పక్కన కూర్చుంటే ఆ ఇంట్లోంచి బయటపడ్డట్టు ఉండేది. ఆ రోజు సోఫా తుడుస్తుంటే మళ్ళీ అమ్మ గదిలోకి వెళ్ళిపోయాను. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. పని అయ్యాక బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను."

"నా పనులన్నీ నేనే చేసుకుంటానండీ. ఎవరి సాయమూ అక్కర్లేదు."

"ఇప్పుడు చేసుకుంటారు."

ఆరు నెలలకోసారి స్కానింగ్ తీస్తూనే ఉన్నారు. ప్రతిసారీ డాక్టరు నోరు తెరిచేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉంటాడు.

"మొదటి రోజే చెప్పి ఉంటే?" అని అడిగాడు.

"మొదటి రోజే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇంత కష్టంగా ఉండేది కాదు."

ఆవిడ లేచి, కుర్చీకి తగిలించిన గళ్ళ చొక్కా తీసి అతనికి అందించింది. బయట గాలి లేస్తోందని, వేసుకోమని చెప్పింది. బస్సు ఎక్కేముందు వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి ఊపబోయి ఆగిపోయింది.

ఇంటికొచ్చేసరికి ముందు గదిలో అక్కా బావా కాచుకుని ఉన్నారు. అతని ముఖం చూడగానే అక్కకు తెలిసిపోయింది. మొగుడి మీద పడింది.

"అంతా మీ వల్లే! దాచమన్నారు. వాడికి సోకులు నేర్పారు. పొరల మీద పొరలు కప్పి పిల్లవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేశారు!"

బావ ఎప్పటిలా ఎదురు చెప్పలేదు. "అవునే, నా వల్లే" అని తల దించుకున్నాడు. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు గోడకు గుద్దినా చలించని మనిషి అలా కూర్చునేసరికి మెకానిక్‌కు చూడబుద్ధి కాలేదు.

"అక్కా, బావనేం అనకు" అన్నాడు. "చెప్పకపోవడం నా తప్పు. బట్టలది కాదు. ఆ నాలుగు నెలలూ నేను మనిషిలా తిరిగాను. రోడ్డు మీద ఒకావిడ పక్కన నడిచాను. ఇద్దరు ముగ్గురు మా వంక తిరిగి కూడా చూశారు. అది చాలదని మీరంటే నేనేం చెప్పను?"

అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బావ లేచి బయటికెళ్ళి, స్కూలు కారులో స్టీరింగు ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఎక్కడికీ పోలేదు, ఇంజను కూడా పెట్టలేదు.

తరవాత అక్క పోరు పడలేక అతను ఇంకో ఇద్దరితో మాట్లాడాడు. ఈసారి కలవకముందే ఫోనులోనే చెప్పేశాడు. ఒకావిడ, "చెప్పినందుకు థాంక్సండీ" అని మర్యాదగా పెట్టేసింది. రెండో ఆవిడ వచ్చి, ఒక గంట కూర్చుని, ఆ గంటా జబ్బు గురించే అడిగి, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్ళిపోయింది. ఆస్పత్రిలో చూడ్డానికి వచ్చిన బంధువు వెళ్ళినట్టే వెళ్ళింది.

వానాకాలం మొదట్లో అతను మేడ మీద గది ఖాళీ చేసి, ఆఫీసు పక్క సందులో కింది అంతస్తు గది ఒకటి అద్దెకు తీసుకున్నాడు. జాలిగా చూసే కళ్ళ మధ్య ఉండలేనని బావకు మాత్రం చెప్పాడు. సామాను బావే తెచ్చి దింపాడు. అక్క వెనకాలే వచ్చి, గదంతా కలియదిరిగి, బాత్‌రూమ్‌లో నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా అని చూసి, మంచం అంచున కూలబడింది.

"ఒక్కడివీ ఎలా ఉంటావురా? మా ఆఫీసులో ఒకావిడ ఉంది. మంచిది. భర్త పోయాడు. అంతా చెప్పి చూడనా?"

అతను ట్యూబులైటు స్టార్టరు తిప్పుతూ కుర్చీ మీద నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరగలేదు.

"చూద్దాంలే అక్కా" అన్నాడు.

వాడు చూద్దాం అన్నాడంటే చూడడని అక్కకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కుర్చీ కదలకుండా దాని కాలు రెండు చేతులతో పట్టుకుని, వాడు దిగేదాకా అలాగే కూర్చుంది.